పడవ పందేల్లో (రోయింగ్) తెడ్లు వేసే పిల్లకి మనసు ట్రైనింగ్: కర్నూలులో ఎనిమిది సెషన్లు, పెట్టిన డబ్బులకి ఏమొచ్చింది

ముందే చెప్తున్నా, రివ్యూ కాస్త పెద్దదే. తొందరున్నవాళ్లకి ఒక్క ముక్క: ఐదుకి నాలుగు స్టార్లు. ఆ ఒక్కటి ఎందుకు కోశానో కింద రాస్తా. మేడం పేరు, నంబరు ఇక్కడ పెట్టడం లేదు. ఆవిడే వద్దన్నారు, నోటిమాట మీద వచ్చే పిల్లలకే టైం సరిపోవట్లేదంట. రిటైరయిన సైకాలజీ లెక్చరర్, సి క్యాంపు వైపు ఒక జిమ్ములో సాయంత్రాలు ఆటలాడే పిల్లల్ని చూస్తారు. అంతవరకే చెప్పగలను.

నాకు వన్‌టౌన్‌లో టూవీలర్ స్పేర్ పార్ట్స్ కొట్టుంది. మూడేళ్ల కిందటి వరకు పడవ అంటే నాకు తుంగభద్రలో చేపలోళ్లు తిప్పే పుట్టి ఒక్కటే తెలుసు. మా పాప పొడుగు చూసి స్కూల్లో పీఈటీ సారు సెలెక్షన్లకి పంపించడం, అక్కడ తీసుకోవడం, హైదరాబాదులో హాస్టలు, హుస్సేన్ సాగర్ మీద ప్రాక్టీసు, అన్నీ మేం తేరుకునేలోపే జరిగిపోయాయి. ఇప్పుడు పదహారేళ్లు. సింగిల్ స్కల్ వేస్తుంది, అంటే ఒక్కతే, రెండు చేతులకి రెండు తెడ్లు. ఆ పడవ ఎనిమిది మీటర్ల పైన పొడవుంటుంది, బరువు మాత్రం అంతర్జాతీయ రూలు ప్రకారం 14 కిలోలకి తగ్గకపోతే చాలు, ఇంచుమించు మన ఇంటి సిలిండర్లో పోసే గ్యాసంత. తుమ్మితే ఊగుతుంది. పైగా వెనక్కి తిరిగి కూర్చుని వేస్తారు, చేరాల్సిన గీత కనపడదు, మనకంటే వెనకున్నవాళ్లే కనపడతారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కథంతా ఇక్కడే ఉంది.

పోయిన ఏడాది ఒక పోటీకి నేనూ వెళ్లాను. 2000 మీటర్ల రేసు, ఆరు లైన్లు. సగం దాకా మా పాపే ముందు. నేను గట్టు మీద గొంతు చించుకుంటున్నా. 1200 దగ్గర పడవ ఆగిపోయింది. తెడ్డు విరగలేదు, పడవ తిరగబడలేదు, పిల్ల రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, మిగతా ఐదుగురూ పక్క నుంచి పోయారు. ఒడ్డుకొచ్చాక ఏమైందమ్మా అంటే, "ఏం కాలేదు నాన్నా, చేతులు నా మాట వినలేదు" అంది. అంతకుముందు కూడా రేసు ఉన్న రోజు పొద్దున వాంతులు చేసుకునేది, అది ప్రయాణం పడక అనుకున్నాం. ఆ వాంతుల్లో నా తప్పు కూడా ఉంది లెండి, కర్నూలు నుంచి రాత్రి బస్సుకి పోతూ పిల్లకి ఇష్టమని ఉగ్గాని, బజ్జీ కట్టించుకుపోయేవాణ్ణి. రేసుకి రెండు గంటల ముందు మిరపకాయ బజ్జీ.

ఇంటికొచ్చాక మొదట మేం చేసిన పని తెలివితక్కువ పని. ఎవరో చెప్పారని ఒక ఫంక్షన్ హాల్లో రెండు రోజుల మైండ్ పవర్ క్యాంపులో చేర్పించాం, 3,500 కట్టి. అందులో నీట్ రాసేవాళ్లు, ఇన్సూరెన్సు ఏజెంట్లు, మా పాప, అందరూ ఒకే చోట. మైకులో "నేను చేయగలను" అని నూటఎనిమిది సార్లు అనిపించారు. క్రికెట్ ఉదాహరణలే అన్నీ. రెండో రోజు సాయంత్రం పిల్ల నన్నడిగింది, "నేను చేయగలనని నాకు తెలుసు నాన్నా, 1200 దగ్గర ఏం చేయాలో ఎవరూ చెప్పట్లేదే" అని. ఆ క్యాంపుకి స్టార్లు అడిగితే నా దగ్గర లేవు.

తర్వాత, పిల్ల సెలవులకి ఇంట్లో ఉన్నప్పుడు దొరికారు ఈ మేడం. మొదటి రోజు పిల్లని భయమెందుకు, బాధెందుకు అని ఏమీ అడగలేదు. "ఆఖరుసారి మిషన్ మీద 2000 లాగినప్పుడు నాలుగు ఐదొందలకీ టైములు చెప్పు తల్లీ" అన్నారు. రోయింగ్ మిషన్ అంటే తెలియనివాళ్లకి: జారే సీటు, గొలుసుకు కట్టిన పిడి, ముందు గాలి తిరిగే చక్రం, పైన చిన్న స్క్రీన్. పిల్లలు ఎర్గ్ అంటారు. 500 మీటర్లకి ఎంత టైము పడుతోందో ప్రతి లాగుడుకీ అది చూపిస్తుంది. మా పాప చెప్పిన లెక్క ఇది: 2:00, 2:08, 2:18, 2:15. మొత్తం 8 నిమిషాల 41 సెకన్లు.

మేడం ఆ నాలుగు అంకెలు నోట్‌బుక్కులో పెద్దగా రాసి నా వైపు తిప్పారు. "చూడప్పా, నీ కూతురికి ధైర్యం తక్కువ కాలేదు, మొదట్లో ఎక్కువైంది" అన్నారు. ఆవిడ చెప్పింది నాకు అర్థమైన భాషలో చెప్తా. మొదటి కొద్ది సెకన్లు ఒంట్లో ముందే నిల్వ ఉన్న శక్తి ఖర్చవుతుంది, ఎంత లాగినా నొప్పి తెలీదు, పిల్లలు దాన్ని చూసి ఇవాళ నాకు తిరుగులేదు అనుకుంటారు. అది అప్పు. మూడో ఐదొందల్లో వడ్డీతో సహా వసూలుకొస్తుంది, తొడలు మండుతాయి, ఊపిరి అందదు, సరిగ్గా అప్పుడే వెనకున్న పడవ దగ్గరికొస్తూ కళ్లెదుటే కనపడుతుంది. అప్పుడు మనసుకి ధైర్యం చెప్పి లాభం లేదు, ముందు 2:00 కొట్టకూడదు. అంటే మనసు ట్రైనింగని పోతే మొదటి పాఠం లెక్కల పాఠం అయింది. నాకు అక్కడే నమ్మకం కుదిరింది, రోజంతా అప్పు రాసుకునే కొట్టువాణ్ణి కదా.

రెండో సెషను గురించి కొంచెం వివరంగా రాయాలి, నేను పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూశాను కాబట్టి. రేసుకి వేసుకునే బట్టలే వేసుకురమ్మన్నారు. మిషన్ మీద కూర్చోబెట్టి, పాదాలు పట్టీల్లో బిగించి, పిడి చేతికిచ్చారు. లాగొద్దు, కళ్లు మూసుకుని రేసు మొత్తం మనసులో వెయ్యి, మొదలైనప్పుడు ఒకసారి, గీత దాటినప్పుడు ఒకసారి వేలెత్తు అన్నారు. స్టాప్‌వాచ్ నొక్కారు. పక్కన ఎవడో డంబెల్స్ నేలకేసి కొడుతున్నాడు, జిమ్ములో పాటలు. పిల్ల కాళ్లు కదలకుండానే తొడ కండలు అదురుతున్నాయి, వేళ్లు పిడి మీద బిగుసుకుంటున్నాయి, వదులవుతున్నాయి. వేలు లేచింది. 6 నిమిషాల 10 సెకన్లు.

మేడం నవ్వారు. "బంగారుతల్లీ, నీళ్ల మీద సింగిల్లో ఆడవాళ్ల ప్రపంచ రికార్డే ఏడు నిమిషాల పైన, నువ్వు దాన్ని చిత్తు చేశావు" అని, మళ్లీ చేయించారు, ఈసారి ప్రతి ఐదొందలకీ వేలెత్తమని. మొదటిది దాదాపు రెండు నిమిషాలు, రెండోది కూడా అంతే. మూడోది ఇరవై సెకన్లు! పిల్ల దాన్ని దాటేసింది. తెలియకుండానే, మనసులో కూడా ఆ చోటికి పోకుండా తప్పించుకుంటోంది. రోజూ రాత్రి పడుకునే ముందు కళ్లు మూసుకుని రేసు ఊహించుకుంటున్నానని చెప్పేదే, ఆ ఊహలో ఆ ఐదొందలే లేవు. పిల్ల మొహంలో ఆ నిమిషం కనపడింది నేను మర్చిపోలేను, దొంగ దొరికినట్టు ఒక నవ్వు, వెంటనే కళ్లల్లో నీళ్లు.

ఆ తర్వాత రెండు వారాలు ఇంటి పని అదే. ఖాళీగా ఉన్న ఆ ఐదొందలని నింపాలి. అక్కడ ఏం వినపడుతుంది, ఏం కనపడుతుంది, చేతికి ఏం తెలుస్తుంది, నోట్లో రుచి ఎలా ఉంటుంది, అన్నీ రాయాలి. "ఇనుము నాకినట్టుంటుంది" అని రాసింది మా పాప. రాసింది చదివి మళ్లీ కళ్లు మూసుకుని వెయ్యాలి, స్టాప్‌వాచ్ పెట్టుకుని. ఆరు పది కాస్తా ఏడు అయింది, ఏడున్నర అయింది, పదమూడో రోజుకి ఎనిమిదిన్నర దగ్గరికి వచ్చింది. నేను కొట్టు కట్టేసి ఇంటికొస్తే హాల్లో లైటార్పేసి పిల్ల నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉండేది, మా అవ్వ దిష్టి తీయాలని పట్టుబట్టేది.

ఇంకో పని, ఆ మూడో ఐదొందలని ముక్కలు చేయడం. మా పాప వేగానికి అది దాదాపు అరవై స్ట్రోకులు. మూడు ఇరవైలు చేశారు. మొదటి ఇరవైలో కాళ్ల సంగతే చూసుకోవాలి, రెండో ఇరవైలో నడుము, మూడో ఇరవైలో ఊపిరి వదలడం. ఇంకెంత దూరం ఉంది, పక్క లైనులో ఎవరు అనే ప్రశ్న వస్తే తిట్టి పంపకూడదు, "విన్నా" అనుకుని అంకె దగ్గరికి వచ్చేయాలి. ప్రతి స్ట్రోకుకీ లోపల అనుకోవడానికి రెండు మాటలు కూడా పెట్టుకోమన్నారు. మేడం ఏదో శక్తి, విజయం అని చెప్పబోతే పిల్ల కిసుక్కున నవ్వింది. చివరికి ఏం పెట్టుకుందో తెలుసా, మా కొట్లో కుర్రాడికి నేను రోజంతా అరిచే మాటలు: "బిగించు... వదులు." కాళ్లతో తొక్కి లాగేటప్పుడు బిగించు, సీటు ముందుకి జారేటప్పుడు వదులు. ఈ వదులు అనేదే ముఖ్యమంట, ముందుకి జారే ఆ ఒక్క క్షణమే ఒంటికి దొరికే విశ్రాంతి, భయపడ్డ పిల్లలు అక్కడ కూడా బిగుసుకునే ఉంటారు.

ఇదంతా అయ్యాక స్క్రీన్ మీద తువ్వాలు కప్పి లాగించారు. అంకె చూడకుండా, ఒంటిని బట్టి ఎంతలో పోతున్నావో చెప్పాలి. మొదట్లో పది సెకన్లు తప్పేది, చివరికి రెండు మూడు.

వాంతుల సంగతి. గుండె దడ, కడుపులో తిప్పడం పోతాయని మేడం మాటివ్వలేదు, అది నాకు నచ్చింది. ఒళ్లు పరుగుకి సిద్ధమవుతోంది, దాన్ని జబ్బనుకుంటే ఇంకా పెరుగుతుంది అన్నారు. నాలుగు లెక్కపెడుతూ పీల్చి ఆరు లెక్కపెడుతూ వదలడం, రేసుకి మూడు గంటల ముందు తినేయడం, బజ్జీలు బంద్. గీత దగ్గర నిలబడే ఆ రెండు నిమిషాలు వేరేగా ప్రాక్టీసు చేయించారు. పెద్ద పోటీల్లో స్టార్టరు ఒక్కొక్క లైను పేరు పిలిచి, అటెన్షన్ అని, ఎర్ర లైటు వేసి, కాసేపాగి పచ్చ లైటు వేస్తాడు. ఆ కాసేపు ఎంతన్నది ఎవరికీ తెలీదు, పిల్లల ప్రాణం అక్కడే పోతుంది. మేడం తన ఫోన్లో రకరకాల వ్యవధులు రికార్డు చేసి వినిపించేవారు, ఒకసారి రెండు సెకన్లు, ఒకసారి ఐదు. సింపుల్ ఐడియానే, ఎవరికీ తోచలేదు.

ఐదో సెషనుకి మమ్మల్ని కూడా కూర్చోబెట్టారు, నన్ను, మా ఆవిడని, ఫోన్లో మా అవ్వని. ఇంట్లో నీళ్ల గురించి ఏం మాట్లాడుకుంటారు అని అడిగారు. మేం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. కర్నూలోళ్లకి చెప్పక్కర్లేదు. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊళ్లోకి వచ్చినప్పుడు ఈ పిల్ల ఒళ్లో పసిగుడ్డు. మిద్దె మీద రెండు రాత్రులు, కింద కొట్లో సరుకంతా బురద. పిల్లకి అందులో ఒక్క ముక్క గుర్తుండే వీల్లేదు. కానీ పదహారేళ్లుగా మా ఇంట్లో ఆ కథ చెప్పుకోని వానాకాలం లేదు, పిల్ల హాస్టలుకి పోయాక రోజూ ఫోన్లో "నీళ్లు జాగ్రత్త తల్లీ" అనని రోజు లేదు. మేడం మమ్మల్ని ఏమీ అనలేదు. రేసు రోజు మాత్రం ఫోను ఒక్కటే చేయాలి, అందులో నీళ్లు, మెడల్, టైము అనే మూడు మాటలూ రాకూడదు అని కాగితం మీద రాసిచ్చారు. మొదటిసారి ఆ రూలు ప్రకారం ఫోన్ చేసినప్పుడు నాకు మాట్లాడ్డానికి ఏమీ దొరక్క కొట్లో కొత్తగా వచ్చిన క్లచ్ ప్లేట్ల గురించి చెప్పాను. పిల్ల నవ్వింది.

దత్తు భోకనళ్ కథ కూడా ఇక్కడే విన్నాను. మహారాష్ట్రలో నాసిక్ జిల్లా కరువు పల్లె, మన అనంతపురంలాంటి చోటే అనుకోండి, తండ్రితో కలిసి బావులు తవ్వినవాడు, ఆర్మీలో చేరాకే పడవ పట్టాడు, మొదట్లో నీళ్లంటే భయమంట. 2016 రియో ఒలింపిక్స్‌కి వెళ్లాడు. 2018 ఏషియన్ గేమ్స్‌లో జ్వరంతో సింగిల్ ఫైనల్లో కూలబడి ఆఖరున వచ్చాడు, మరుసటి రోజే సవర్ణ్ సింగ్, ఓం ప్రకాశ్, సుఖ్‌మీత్ సింగ్‌లతో నలుగురి పడవలో బంగారు పతకం కొట్టాడు. మా పాపకి మేడం ఈ కథ చెప్పి ఇందులో నీకేం పనికొస్తుంది అని అడిగితే, నేను ఏదో పట్టుదల గిట్టుదల అంటుందనుకున్నా. "ఆఖరున వచ్చిన రోజు రాత్రి కూడా అన్నం తిని పడుకుని ఉంటాడు" అంది.

ఇక ఆ ఒక్క స్టారు.

మేడంకి మిషన్ లెక్కలు తెలుసు గానీ, నీళ్ల మీద రేసు సంగతి మొదట్లో సరిగా తెలీదు. మొదటి రోజు కష్టమైనప్పుడు ఒక్క నిమిషం ఆగి ఊపిరి పీల్చుకో అన్నారు, ఆగితే రేసే పోతుంది కదా మేడం అంది పిల్ల. ఒప్పుకున్నారు, తర్వాత సెషనుకి రేసుల వీడియోలు చూసి వచ్చారు, స్టార్టు మీద ఆ రికార్డింగు ఐడియా అక్కడి నుంచే. బాగుంది కానీ ఆ నేర్చుకున్న టైముకి డబ్బులు మావే. డైరీ రాయడానికి ఇచ్చిన కాగితాలు ఇంగ్లీషులో, ఎవరో షూటింగు పిల్లలకి చేసినవి, ట్రిగ్గరు గురించి ప్రశ్నలు ఉన్నాయి. రెండు సెషన్లు మేం బయల్దేరాక ఫోన్ చేసి వాయిదా వేశారు. హైదరాబాద్ కోచ్‌తో ఒక్కసారి కూడా మాట్లాడలేదు, అది పెద్ద లోటు. మేడం మొదటి ఐదొందల్లో వేగం తగ్గించి 2:06కి వెయ్యమంటే, అక్కడ కోచ్ ఎందుకు నిదానంగా పోతున్నావని తిట్టాడు, పిల్ల ఇద్దరి మధ్యా నలిగింది. మీరు పంపిస్తే మొదటి వారంలోనే ఇద్దరికీ ఫోను కలపండి. రోజూ పొద్దున వాట్సాప్‌లో వచ్చే గులాబీ పువ్వుల సూక్తులు కూడా ఉన్నాయి, వాటిని మ్యూట్ చేసుకోవచ్చు.

డబ్బులు: సెషనుకి 800, జిమ్ము మిషన్‌కి మరో 100, ఎనిమిదింటికీ కలిపి 7,200 అయింది. రసీదు అడిగితేనే ఇస్తారు.

ఫలితం అడుగుతారు. సెలవులయ్యే ముందు మిషన్ మీద 2000 లాగింది: 2:06, 2:09, 2:11, 2:07. మొత్తం 8:33. ఎనిమిది సెకన్లు తగ్గింది. అందులో మనసెంత, సెలవుల్లో ఇంట్లో తిన్న జొన్నరొట్టె ఎంత అంటే నేను విడదీయలేను. నేను చూసింది ఆ మూడో అంకె, 2:18 పోయి 2:11 వచ్చింది, చివరి ఐదొందల్లో మళ్లీ పుంజుకుంది. ఆ తర్వాత జరిగిన పోటీలో నాలుగో స్థానం, మెడల్ లేదు. పొద్దున ఒకసారి వాంతి కూడా అయింది. 1200 దగ్గర నేను గట్టు మీద కళ్లు మూసుకున్నాను, నిజం చెప్తున్నా. తెరిచేసరికి పడవ కదులుతూనే ఉంది.

ఎవరికి పనికొస్తుందంటే, ఒంట్లో సత్తువ ఉండి రేసులో ఒకే చోట ఆగిపోయే పిల్లలకి. పిల్లకి అసలు ఆ ఆటే ఇష్టం లేకపోతే మాత్రం ఎన్ని సెషన్లు పెట్టినా దండగ, ఆ మాట మేడం మొదటి రోజే అడిగేస్తారు, పిల్లని ఒంటరిగా కూర్చోబెట్టి, తల్లిదండ్రుల్ని బయటికి పంపి. వారాల తరబడి నిద్ర లేకపోవడం, తిండి మానేయడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం లాంటివి ఉంటే నా దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి అని మేడం ఇంకో పాపని పంపించేయడం కూడా చూశాను.

వెళ్లేవాళ్లు సాయంత్రం ఆరు లోపు వెళ్లండి, తర్వాత జిమ్ములో పాటల గోల. ఆ మిషన్ గొలుసు కిర్రుకిర్రుమంటుంది, కంపెనీవాళ్లే దానికి తరచూ నూనె పట్టించాలని చెప్తారు, జిమ్మువాళ్లు పట్టించుకోరు. మూడో సెషన్ నుంచి నేనే కొట్లోంచి చిన్న డబ్బా పట్టుకెళ్లేవాణ్ణి. అది అక్కడే కిటికీలో వదిలేసి వచ్చాను, వాడుకోండి.